‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలలో పాత్రపరిశీలనము

నవల పాఠ్యగ్రంథముగా నున్న తరగతులలో విద్యార్థికి తప్పక ఎదురగు ప్రశ్న యొకటి కలదు. ఫలానా పాత్ర స్వభావమును వర్ణింపుమనుటయే ఆ ప్రశ్న. దీనికి సమాధానము వ్రాయు పద్ధతియు స్థిరపడిపోయినది. పాత్ర పేరు, వృత్తి, రూపము, నాలుగు గుణములు, రెండు దోషములు, ఒక్కొక్క గుణమునకు కథ నుండి యొక నిదర్శనము: ఇంతటితో సమాధానము పూర్తి యగును. ఈ పద్ధతి నిష్ప్రయోజనమని మేము చెప్పబోము. దీనివలన కథ జ్ఞాపకముండును. వ్రాతలో క్రమము పట్టుపడును. అయితే బాల్యము నుండి ప్రౌఢవయస్సు వఱకు ఒక వ్యక్తి ఎదిగిన తీరును చెప్పు నవలల విషయమున ఈ పద్ధతి చాలదనియు, కొన్ని యెడల తప్పుదారి పట్టించుననియు మా యభిప్రాయము. చార్లెస్ డికెన్స్ రచించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను ఉదాహరణముగ గొని ఈ యభిప్రాయమును వివరింప యత్నింతుము.

ఎదుగుదలయే కథగా గల నవలలను జర్మన్ విమర్శకులు బిల్డుంగ్స్‌రోమాన్ అందురు. 1795-96 సంవత్సరములలో వెలువడిన గోథే రచన, విల్‌హెల్మ్ మైస్టర్ అను యువకుని శిక్షణకాలమును గూర్చిన నవల, ఈ శాఖకు తొలి గొప్ప నిదర్శనముగ పరిగణింపబడుచున్నది. మనము దీనిని వికాసనవల యనవచ్చును. మన యాలంకారికులు నాయకుని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగ విభజించిరి. ఈ విభాగము ననుసరించి నాయకుని స్వభావము కావ్యారంభముననే సిద్ధమై యుండును. కథ దానిని ప్రకటించును. వికాసనవలలో నట్లు కాదు. ఇచట స్వభావము కథవలన ఏర్పడును. మొదటి ప్రకరణమునందలి బాలుడు చివరి ప్రకరణమునందలి పురుషుడు కాడు. కనుక ‘పిప్ ఎట్టివాడు?’ అను ప్రశ్నకు ముందు ‘ఎప్పటి పిప్?’ అను ప్రశ్న రావలసి యున్నది.

రచనాకాలము

ఈ నవల 1860 డిసెంబరు 1వ తేదీ నుండి 1861 ఆగస్టు 3వ తేదీ వఱకు, డికెన్స్ స్వయముగ నడపుచుండిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అను వారపత్రికలో 36 భాగములుగ వెలువడెను. అంతకుముందు ఆ పత్రికలో చార్లెస్ లీవర్ నవల యొకటి నడచుచుండగా పాఠకులు తగ్గసాగిరి. పత్రికను నిలబెట్టుటకై డికెన్స్ తన కథను వెంటనే ఆరంభింపవలసి వచ్చెను. 1861లోనే అది మూడు సంపుటముల గ్రంథమయ్యెను. మొత్తము ప్రకరణములు 59. పిప్ గ్రామజీవితము 19 ప్రకరణములలోను, లండను జీవితము 20 ప్రకరణములలోను, తన పోషకుడెవరో తెలిసిన తరువాతి కథ మిగిలిన 20 ప్రకరణములలోను చెప్పబడినది.

డికెన్స్ 1812లో జన్మించెను. బాల్యమున కొంతకాలము కెంట్ మండలమందలి చాటమ్ పట్టణమున గడిపెను. నవలలోని చిత్తడినేలలు, ఏటియందు లంగరు వేసిన ఖైదీల ఓడలు ఆ ప్రాంతపువే. 1824లో ఆయన తండ్రి ఋణము తీర్పలేక లండనులోని మార్షల్సీ చెఱసాలలో నుంచబడెను. పండ్రెండేండ్ల బాలుడైన డికెన్స్ బూట్ల నల్లరంగు తయారుచేయు చోట సీసాలకు కాగితములంటించు పనికి కుదిరెను. ఈ సంగతిని ఆయన జీవితకాలమంతయు దాచుకొనెను. 1870లో ఆయన మరణించిన పిదప మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ ప్రకటించిన జీవితచరిత్రవలన గాని అది లోకమునకు తెలియలేదు.

1849-50 సంవత్సరములలో వ్రాసిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో డికెన్స్ ఈ యనుభవమునే వేఱు పేరుతో చెప్పియుండెను. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మొదలుపెట్టుటకు ముందు, చెప్పినదే మఱల చెప్పుదునేమో యని దానిని తిరిగి చదివెను. ఈ చదువు ఫలించినదని మా తలంపు. రెండు నవలలును ఉత్తమపురుషలో చెప్పబడిన బాలుర కథలే. కాని డేవిడ్ ప్రధానముగ ఇతరులవలన అన్యాయమునకు గుఱియైన బాలుడు. పిప్ అన్యాయమునకు గుఱియైనవాడే కాక అన్యాయము చేసినవాడు కూడ. మొదటి నవలలో రచయిత తన గాయమును చూపెను. రెండవదానిలో, అట్టి గాయము తగిలినవాడు తనను ప్రేమించినవారిని ఎట్లు గాయపఱచునో చూపెను. పాత్రలను తెలిసికొనుటకు ఈ భేదము మనకు మొదటి యాధారము.

కథ

పాఠకుల సౌకర్యార్థము కథను సంగ్రహముగ చెప్పుదుము. తలిదండ్రులు లేని పిప్‌ను అతని అక్క కఱకుగ పెంచుచుండును. ఆమె భర్త జో గార్జెరీ గ్రామపు కమ్మరి. పిప్‌కు ఆ యింట నున్న స్నేహితుడు అతడొక్కడే. క్రిస్‌మస్‌కు ముందునాటి సాయంకాలము శ్మశానమున ఒక పాఱిపోయిన ఖైదీ పిప్‌ను బెదరించి ఆహారమును, ఆకురాయిని తెమ్మనును; బాలుడు ఇంటినుండి దొంగిలించి యిచ్చును. కొంతకాలమునకు, పెండ్లినాడే వరునిచే విడువబడి గడియారములనెల్ల నిలిపివేసి ఆనాటి పెండ్లిదుస్తులతోనే బ్రతుకుచున్న మిస్ హావిషామ్ అను ధనికురాలి యింటికి పిప్ పిలువబడును. అచట ఆమె పెంపుడుకూతురు ఎస్టెల్లా అతని గరుకు చేతులను, మోటు బూట్లను చూచి నవ్వును. నాటి నుండి పిప్‌కు కమ్మరికొలిమి రోత యగును. కొన్నేండ్లకు జాగర్స్ అను న్యాయవాది వచ్చి, పేరు చెప్పని పోషకుడొకరు పిప్‌ను పెద్దమనిషిని చేయ ధనమిచ్చుచున్నాడని తెలుపును. ఆ పోషకురాలు మిస్ హావిషామే యని పిప్ నమ్మును. తన 23వ యేట అసలు సంగతి తెలియును. ధనమిచ్చినది ఆనాటి ఖైదీ మాగ్విచ్.

ఇద్దఱు పిప్‌లు

ఈ కథను మనకు చెప్పుచున్నది బాలుడైన పిప్ కాదు. అంతయు అనుభవించి నడివయస్సునకు వచ్చిన పిప్. ఇది వ్యాకరణవిషయము వలె కనబడినను పాత్రపరిశీలనమున కంతటికి మూలము. నవలలో ‘నేను’ అను పదము రెండు వ్యక్తులకు వర్తించును: చూచిన బాలుడు ఒకడు, చెప్పుచున్న పురుషుడు ఒకడు. తక్కిన పాత్రలన్నియు మనకు కనబడునది ఆ బాలుని కన్నులనుండి. వినబడునది ఆ పురుషుని కంఠమునుండి.

కథకుడు తన బాల్యదృష్టిని దాచడు. ఆ దినమున జో తనకెట్లు కనబడెనో అట్లే చూపును. ఆ పిదప ఒక చిన్న వాక్యమున తన చూపు తప్పని యొప్పుకొనును. త్వరగా చదువు విద్యార్థికి మొదటిది గుర్తుండును, రెండవది జాఱిపోవును. సంక్షిప్తప్రతులలో నీ నష్టము మఱింత యెక్కువ. కథను కుదించువారు సంఘటనలను నిలిపి, కథకుని యాత్మవిమర్శను తొలగింతురు. పాత్రలకు ప్రాణమైనది ఆ విమర్శయే.

కావున ప్రతి పాత్రను గుఱించియు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మేము సూచించుచున్నాము. ఆ పాత్రయందు ఆనాడు పిప్ చూచినదేమి? కథ చెప్పునాటికి తెలిసికొన్నదేమి? పిప్ యభిప్రాయములను రెంటిని ప్రక్కన నుంచి, ఆ వ్యక్తి చేసిన పనిని మాత్రము చూచినచో మనకు తెలియునదేమి? ఈ మూడు ప్రశ్నలకు మూడు సమాధానములు వచ్చును. వానికి నడుమ నుండు దూరమే పిప్ స్వభావము.

జో గార్జెరీ

పరీక్షాపత్రములలో జో ‘అమాయకుడు, మంచివాడు, భార్యకు భయపడువాడు’ అని వర్ణింపబడుచుండును. ఇది బాలుని చూపు. జో తన్ను గుఱించి చెప్పుకొన్న మాటలను గమనించినచో వేఱొక మనిషి కనబడును. అతని తండ్రి త్రాగి వచ్చి తల్లిని కొట్టుచుండెడివాడు. జోకు చదువు దక్కనీయలేదు. ఇల్లాలు పడు పాట్లను కన్నులార చూచినవాడగుటచే, స్త్రీయెడ కఠినముగ నుండి తప్పు చేయుటకంటె, మెత్తగ నుండి నష్టపడుటయే మేలని అతడు నిశ్చయించుకొనెను. ఇది భయము కాదు, ఆలోచించి యెన్నుకొన్న నడవడి. తన భార్యను దూషించిన ఓర్లిక్‌ను ఒక్క దెబ్బతో పడగొట్టగల బలము అతనికి కలదని నవలయే చూపుచున్నది. వివాహమునకు ముందు, పసివాడైన పిప్‌నుకూడ తీసికొని రమ్మనియు, కొలిమియింట వానికి చోటున్నదనియు పలికినవాడు జోయే.

నవల యారంభముననే ఒక సన్నివేశము కలదు. పట్టుబడిన ఖైదీ, కమ్మరియింట ఆహారము దొంగిలించినది తానేయని బాలుని కాపాడుటకు చెప్పును. దానికి జో ఆ తిండి నీకు దక్కినందుకు సంతోషమనియు, నీవేమి నేరము చేసినను ఆకలితో చావనిత్తుమా యనియు భావము వచ్చునట్లు బదులు చెప్పును. ఎదుటివాని యోగ్యతను విచారింపక అన్నము పెట్టు గుణము జోది. నవలలోని ధనికులలో ఎవరికిని ఈ గుణము లేదు.

నవలకు హృదయస్థానమని చెప్పదగినది 27వ ప్రకరణము. లండనులో బార్నర్డ్స్ ఇన్ అను వసతిలో నున్న పిప్‌ను చూచుటకు జో వచ్చును. వచ్చుచున్నాడని తెలియగానే, డబ్బిచ్చి అతని రాకను ఆపగలిగినచో ఆపియుండెడివాడనని కథకుడు ఒప్పుకొనును. జో కొత్తబట్టలు తొడుగుకొని, టోపీ ఎచట నుంచవలెనో తెలియక, పొయ్యిగూటి యంచున నుంచగా అది మాటిమాటికి జాఱిపడుచుండును. ఒకసారి ‘పిప్’ అనియు, ఒకసారి ‘అయ్యా’ అనియు పిలుచును. బాలుని చూపున ఇది నవ్వుపుట్టించు మోటుతనము. తాను కొంచెము చనవుగ నున్నచో జోయును చనవుగ నుండెడివాడనియు, తప్పు తనదేననియు చెప్పునది కథకుని యెఱుక. ఇక జో చేసిన పనిని మాత్రము చూతము. అతడు మిస్ హావిషామ్ పంపిన కబురు చెప్పుటకు వచ్చెను, చెప్పెను, ఈ దుస్తులలో తాను తనవలె లేననియు, కొలిమియొద్ద చూచినచో ఇంత వింతగ కనబడననియు మర్యాదగ పలికి లేచిపోయెను. పిప్ తేఱుకొని వీథిలోనికి వచ్చి వెదకునప్పటికి అతడు లేడు.

మన సాహిత్యమున ఇట్టి రాకలు రెండు ప్రసిద్ధములు. కుచేలుడు వచ్చినపుడు శ్రీకృష్ణుడు ఎదురేగి కాళ్లు కడిగి అటుకులు తినెను. ద్రోణుడు వచ్చినపుడు ద్రుపదుడు రాజునకు పేదకు స్నేహమేమని నిండుసభలో త్రోసిపుచ్చెను. పిప్ కృష్ణుడు కాడు, ద్రుపదుడును కాడు. కాళ్లు కడుగలేదు, వెడలగొట్టనులేదు. కూర్చుండబెట్టి, ఉపాహారము పెట్టి, ఆ టోపీ యెప్పుడు పడునాయని చూచుచు నుండెను. పురాణకథలలో లేని ఈ మధ్యస్థితినే డికెన్స్ పట్టుకొనెను. మనలో నెక్కువమంది యున్నది ఈ స్థితియందే. మఱుసటి ప్రకరణమున పిప్ స్వగ్రామమునకు పోవుచు, జో యింట దిగవలెనని మొదట తలచి, తరువాత ఒకటొకటిగ సాకులు కల్పించుకొని సత్రమున దిగును. ఆ సాకులు అసత్యములని ఆనాడే అతనికి తెలియును. ఇతరులను మోసగించుటకంటె తన్ను తాను మోసగించుకొనుట ఎట్లు సులభమో అచట కథకుడు విప్పి చెప్పినాడు.

మాగ్విచ్

మాగ్విచ్ పాత్రయందు మూడు ప్రశ్నల యుపయోగము మఱింత స్పష్టమగును. బాలునకు అతడు భయంకరుడు, యువకునకు అసహ్యుడు. అతని చరిత్ర విన్న పాఠకునకు మాత్రము వేఱు సంగతి తెలియును. అతనికి ఊహ తెలియునప్పటికి పొలములో ముల్లంగివంటి దుంపలు దొంగిలించి కడుపు నింపుకొనుచుండెను. తరువాత కాంపిసన్ అను వంచకునితో చేరి పట్టుబడినపుడు, నేరమునకు మూలమైన కాంపిసన్‌కు 7 ఏండ్లు, మాగ్విచ్‌కు 14 ఏండ్లు శిక్ష పడెను. ఒకడు చదువుకొన్నవానివలె, పెద్దమనిషివలె కనబడుటయు, రెండవవాడు కనబడకపోవుటయు దీనికి కారణములు. నవలలో ‘పెద్దమనిషి’ అను మాట యెంత ప్రమాదకరమైనదో ఈ తీర్పే చెప్పుచున్నది.

న్యూ సౌత్ వేల్స్‌కు పంపబడిన మాగ్విచ్ అచట గొఱ్ఱెలను పెంచి ధనము కూడబెట్టెను. ఇంగ్లండునుండి ఆ ప్రాంతమునకు ఖైదీలను పంపుట 1840లో ఆగినది. నవల అంతకుముందరి కాలపు కథ. తనకు అన్నము పెట్టిన పిల్లవానికి ప్రతి గినీయు చేరవలెనని అతని వ్రతము. ఇందు కృతజ్ఞత కలదు. దానితోపాటు ఒక యాశయు కలదు. తనను హీనముగ చూచిన సంఘమునకు, ‘మీవంటి పెద్దమనిషిని నేను తయారుచేసితిని’ అని చూపవలెననియే ఆ యాశ. మిస్ హావిషామ్ ఎస్టెల్లాను తన పగకు సాధనముగ పెంచినట్లే, మాగ్విచ్ పిప్‌ను తన యభిమానమునకు సాధనముగ చేసెను. ఇద్దఱును ప్రేమించిరి, ఇద్దఱును ఆ బిడ్డలను తమ వస్తువులుగనే చూచిరి. 1993లో ఎడ్వర్డ్ సయీద్ ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజమ్’ గ్రంథమున ఈ పాత్రను వలసరాజ్యచరిత్రతో ముడిపెట్టి చర్చించెను. ఆస్ట్రేలియా రచయిత పీటర్ కేరీ 1997లో ‘జాక్ మాగ్స్’ అను నవలలో ఈ ఖైదీ వైపునుండియే కథను మఱల అల్లెను. పిప్ కన్నులనుండి మాత్రమే చూచుటకు అలవాటుపడిన పాఠకులు, ఆ కన్నులకు ఆవల నొక మనిషి యున్నాడని గుర్తించుటకు ఇట్టి కృషి తోడ్పడినది.

మాగ్విచ్ దేశమునకు తిరిగి వచ్చుటయే మరణశిక్షకు తగిన నేరము. అతనిని ఓడపై దాటించు ప్రయత్నమున థేమ్స్ నదిమీద పట్టుబడినపుడు, గాయపడిన ఆ మనిషి ప్రక్కన పిప్ కూర్చుండును. అసహ్యము అంతరించినది. జో యెడ తాను నడచుకొన్న తీరుకంటె తన యెడ ఇతడు నడచుకొన్న తీరు ఎంతో మేలైనదని అతనికి తోచును. గమనింపుడు: మాగ్విచ్‌ను చూచిన క్షణమున పిప్‌కు జో జ్ఞప్తికి వచ్చెను. ఒక పాత్రను సరిగ చూచుట నేర్చినవాడు మఱియొక పాత్రనుకూడ సరిగ చూచెను. న్యాయస్థానమున 32 మందికి ఒక్కసారిగ మరణశిక్ష విధింపబడుచుండగా పిప్ అందఱి యెదుట ఆ ముసలివాని చేయి పట్టుకొని నిలిచెను. జోను చూచి సిగ్గుపడిన యువకునకు ఇది ప్రాయశ్చిత్తము.

మిస్ హావిషామ్, ఎస్టెల్లా

మిస్ హావిషామ్‌ను ఉన్మత్తురాలని చెప్పి విడిచివేయుట సులభము. తొమ్మిదికి ఇరువది నిముషములుండగా వరుని లేఖ వచ్చినది. ఆ వేళకే గడియారములన్నియు ఆగినవి. దుఃఖమువలన ఆమె ఎదుగుదల నిలిచిపోయినది. ఎదుగుదలయే విషయమైన నవలలో ఎదుగ నిరాకరించిన వ్యక్తి ఆమె. పోషకురాలు తానే యని పిప్ భ్రమపడుచుండగా ఆమె ఆ భ్రమను తొలగింపక సాగనిచ్చెను. ఆ దోషము ఆమెదే. కాని కడపట తాను చేసిన కీడును గుర్తించి క్షమింపుమని పిప్‌ను వేడుకొన్నదియు ఆమెయే.

ఎస్టెల్లాను విద్యార్థులు గర్విష్ఠి యందురు. నిజమునకు ఈ నవలలో పిప్‌తో ఎన్నడును అసత్యము పలుకని వారిలో ఆమె యొకతె. తనకు హృదయము లేదని ఆమె స్వయముగ హెచ్చరించును, పిప్ వినడు. నీవు నన్నెట్లు తీర్చితివో నేనట్లే యున్నానని ఆమె తన్ను పెంచిన తల్లితోనే తెగవేసి చెప్పును. ఆమె మాగ్విచ్ కూతురని తరువాత తెలియును. తన పేదఱికమును చూచి నవ్విన యువతిని ఉన్నతవంశజాతగ భావించి, ఆమెకు తగినవాడు కావలెనని జోను విడిచిన పిప్‌కు, ఆమె ఖైదీబిడ్డ యని తెలియుట నవలలోని గొప్ప పరిహాసము.

ఇతర పాత్రలు

ఇ. ఎమ్. ఫార్‌స్టర్ 1927లో ప్రకటించిన ‘ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్’లో పాత్రలను రెండు తెగలుగ విభజించి, డికెన్స్ పాత్రలు తఱచుగ ఒకే లక్షణముతో నిర్మింపబడినవని చెప్పెను. చిన్న పాత్రల విషయమున ఇది కొంతవఱకు సత్యమే. కాని ఆ యొక్క లక్షణము పిప్ స్థితిని కొలుచు కొలబద్దగ నుపయోగపడుచుండును.

జాగర్స్ గుమాస్తా వెమ్మిక్ కార్యాలయమున రాయివంటివాడు. వాల్‌వర్త్‌లోని తన బొమ్మకోటవంటి యింట చెవిటి ముసలితండ్రిని పసిబిడ్డవలె చూచుకొనును. తండ్రికి వినబడునని ప్రతిరాత్రి 9 గంటలకు చిన్న ఫిరంగి పేల్చును. ఇది హాస్యము. అయితే తన్ను పెంచినవానిని చూచి సిగ్గుపడిన పిప్ ఆ యింట కూర్చుండి, ఆ తండ్రి సంతోషముకొఱకు తలయూపుచుండుట హాస్యము మాత్రమే కాదు. హెర్బర్ట్ పాకెట్ పిప్‌కు భోజనమర్యాదలను నొప్పింపకుండ నేర్పును. పిప్ తన ధనముతో చేసిన ఒక్క మంచిపని అతనికి రహస్యముగ వ్యాపారమున భాగము కల్పించుట. బిడ్డీ పిప్‌కు చదువుకొనుటలో తోడ్పడిన పల్లెపిల్ల. జోను మెఱుగుపఱచవలెనని పిప్ పలికినపుడు, తన చోటును తాను గౌరవముగ నింపుకొన్నవాడు ఆ చోటునుండి కదలుటకు ఇష్టపడడేమో యని ఆమె యడుగును. పిప్ దానిని అసూయ యనుకొనును. దర్జీవాని కుఱ్ఱవాడు వీథిలో పిప్ నడకను వెక్కిరించును. కాని ఓర్లిక్ పిప్‌ను చంపబోవునపుడు మిత్రులకు దారి చూపి రక్షించినవారిలో వాడును ఉన్నాడు. వెక్కిరించినవాడు రక్షకుడయ్యెను, పొగడిన పంబుల్‌చుక్, పిప్ ధనము పోగానే ఉపదేశకుడయ్యెను.

‘పెద్దమనిషి’

నవల యంతయు ‘జెంటిల్మన్’ అను నొక్క మాటచుట్టు తిరుగుచున్నది. మన ‘పెద్దమనిషి’ దానికి చాల దగ్గఱ. గుణముచేత పెద్ద, హోదాచేత పెద్ద అను రెండర్థములు మన మాటకును కలవు. ఒక్కొక్కసారి ఎత్తిపొడుపుగ కూడ వాడుదుము. పిప్ రెండవ యర్థమున పెద్దమనిషి కాగోరి మొదటి యర్థమున చిన్నవాడయ్యెను. అప్పులపాలై జ్వరముతో పడియున్న పిప్‌ను జో వచ్చి సాకును. అతని బాకీని చెప్పకుండ చెల్లించి పోవును. అపుడు కథకుడు ఆ ఆంగ్లపదమునే విడదీసి, సౌమ్యుడైన మనిషి యను నర్థమున జోకు అన్వయించును. పిప్ కోలుకొన్నకొలది జో మఱల ‘అయ్యా’ యని పిలువ నారంభించుట ఈ ఘట్టమున కడు బాధాకరమైన సంగతి. ఒకసారి కలిగిన దూరము క్షమాపణతో పూర్తిగ తీఱదు.

ఈ సత్యమునకు ముగింపు చరిత్రయును సాక్షి. డికెన్స్ మొదట వ్రాసిన ముగింపులో పిప్, ఎస్టెల్లా లండను వీథిలో కొన్ని క్షణములు కలిసికొని విడిపోదురు. మిత్రుడు బుల్వర్ లిట్టన్ సలహాపై ఆయన దానిని మార్చి, పాడుపడిన తోటలో వారు కలిసికొనునట్లు వ్రాసెను. మొదటి ముగింపు ఫార్‌స్టర్ జీవితచరిత్ర మూడవ సంపుటమున, 1874లో, వెలుగు చూచెను. రెంటిలో ఏది మేలని విమర్శకులు నేటికిని వాదించుచున్నారు. తరగతిలో రెంటిని చదివించుట మంచిది. ఏ ముగింపునందైనను జో విషయము మాఱదు. జో, బిడ్డీల వివాహమైనది. కొలిమియింట మఱియొక చిన్న పిప్ కూర్చుండియున్నాడు. పిప్ కోల్పోయిన చోటు మఱియొకరితో నిండినది.

బోధనావిషయము

కడపట మా తరగతియందలి సంగతి యొకటి చెప్పుట యవసరము. వికాసనవలలను గుఱించి చెప్పుచు ఈ కథను వినిపించినపుడు, విద్యార్థి యొకడు సమాధానపత్రమున ‘పిప్ కృతఘ్నుడు’ అని ఒక్క మాటలో తేల్చివేసెను. అతని కుటుంబమున కళాశాలకు వచ్చినవారిలో అతడే మొదటివాడు. పట్టికపద్ధతి ననుసరించినచో ఆ సమాధానమునకు మేము మార్కులు వేయవలెను, వేసితిమి కూడ. కాని ఆ మాట మమ్ము కలవరపెట్టినది.

మేము విశ్వవిద్యాలయ వసతిగృహమున నుండి చదువుకొను దినములలో మా తండ్రిగారు ఒకనాడు ముందుగ తెలుపక వచ్చినారు. భుజముపై సంచి, అందులో నువ్వుండలు, కాళ్లకు దారిదుమ్ము. గదిలోని మిత్రులు ఎవరని యడుగగా మేము ‘మా ఊరివారు’ అంటిమి. ఆ మాట అబద్ధము కాదు. ఆయన విన్నారో లేదో మేము ఎన్నడును అడుగలేదు. ఇపుడు అడుగుటకు ఆయన లేరు. ఆ దినమునాటికి మేము ఈ నవలను ఒకసారి చదివియే యుంటిమి. పిప్ దోషములను పట్టికగ వ్రాయగలిగి యుంటిమి. అయినను మా నోట ఆ మాట వచ్చినది.

కాబట్టి పిప్‌ను కృతఘ్నుడని పిలిచి విడిచివేసిన విద్యార్థి నవలను తప్పుగ చదివెనని కాదు, సగమే చదివెనని మా భావము. చదువు మనిషిని తన వారినుండి దూరము చేయుట ఒక్క పిప్ విషయమున జరిగినది కాదు. 19వ శతాబ్దిలోనో, ఇంగ్లండులోనో ముగిసినదియు కాదు. పల్లెనుండి పట్టణమునకు, అచటనుండి విదేశమునకు పోవు మన విద్యార్థులు నిత్యము ఈ దారిలోనే నడచుచున్నారు. వారికి పిప్ దోషముల జాబితాతో పని లేదు. జో టోపీ జాఱిపడుచుండగా పిప్ దేనిని చూచుచుండెనో, దేనిని చూడకపోయెనో తెలిసికొనుట వలన ప్రయోజనము కలదు.

అధ్యాపకులు ఈ నవలను బోధించునపుడు పాత్రస్వభావప్రశ్నను మానవలసిన పని లేదు. దానికి ముందు 27వ ప్రకరణమును సంక్షిప్తప్రతినుండి కాక మూలమునుండి గట్టిగ చదివి వినిపించి, పైన చెప్పిన మూడు ప్రశ్నలను వేయవలెను. పిమ్మట అదే సన్నివేశమును జో చెప్పినట్లు వ్రాయుమని విద్యార్థులను కోరవలెను. చదువురాని కమ్మరి, తిరుగుబండిలో కూర్చుండి, ఒడిలో టోపీ పెట్టుకొని, పిప్‌ను గుఱించి ఏమనుకొనుచు ఊరు చేరియుండునో వారు ఊహింపవలెను. ఆ పుటను వ్రాయగలిగిన విద్యార్థికి పాత్రపరిశీలనమనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు.